హెచ్‌ఎస్‌ఏ సొమ్ము: ఏ వైద్యానికి, ఎవరి వైద్యానికి



అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలతో ఈరోజు ఒక ఖాతా గురించి మాట్లాడాలని వచ్చాను. హెల్త్ సేవింగ్స్ అకౌంట్, అందరి నోటా వినిపించే మాటలో హెచ్‌ఎస్‌ఏ. ఏటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ రోజుల్లో దానికి టిక్కు పెట్టేస్తాం. ప్రతి పేచెక్కులోంచీ కొంత సొమ్ము అందులోకి వెళ్తూనే ఉంటుంది. ఆ సొమ్ము ఎలా ఖర్చు పెట్టవచ్చో మాత్రం చాలా ఇళ్లలో స్పష్టంగా తెలియదు. కొందరు పన్నుల శాఖ ఐఆర్ఎస్ భయంతో దాన్ని అసలు ముట్టుకోరు. కొందరు కార్డు గీకగానే పనిచేసింది కాబట్టి చెల్లుబాటయ్యే ఖర్చేనని నమ్ముతారు. ఇంకొందరు అది రిటైర్మెంటు కోసం పెంచాల్సిన సొమ్మని పట్టుబట్టి, ఖాతాలో వేల డాలర్లుండగా దవడ పన్ను నొప్పితో నెలల తరబడి గడుపుతారు. పన్ను లెక్కల పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ మూడు రకాల వాళ్లనూ చూస్తుంటాను. మూడో రకం వాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ బాధ.

ముందు ఈ ఖాతా ఎక్కణ్నించి వచ్చిందో రెండు మాటల్లో చెప్తాను. 2003 డిసెంబరులో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన మెడికేర్ చట్టంలో భాగంగా ఇది పుట్టింది, 2004 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. హై డిడక్టబుల్ ప్లాన్ తీసుకున్నవాళ్లకే ఇది దొరుకుతుంది. అంటే బీమా కంపెనీ చేయి వేసేలోగా మొదటి కొన్ని వేల డాలర్ల వైద్యం మన జేబులోంచే జరగాలి. 2026లో ఒక్కరి ప్లానుకు ఆ డిడక్టబుల్ కనీసం 1,700 డాలర్లు, కుటుంబ ప్లానుకు 3,400 డాలర్లు ఉండాలి. ఆ భారాన్ని మోయడానికే ప్రభుత్వం పన్ను లేని ఖాతా ఇచ్చింది. 2026లో ఒక్కరు 4,400 డాలర్లు, కుటుంబ ప్లాను ఉన్నవాళ్లు 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు. 55 దాటినవాళ్లు ఇంకో వెయ్యి కలుపుకోవచ్చు. కంపెనీ వేసే వాటా కూడా ఈ పరిమితిలోకే వస్తుంది.

ఇందులో లాభం ఎంతో ఒక లెక్క చూద్దాం. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకోండి. జీతంలోంచి నేరుగా హెచ్‌ఎస్‌ఏలోకి వెళ్లే సొమ్ము మీద ఫెడరల్ ఆదాయపు పన్నూ ఉండదు, సాధారణంగా 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతా ఉండదు. వెయ్యి డాలర్ల రూట్ కెనాల్ మీకు సుమారు 700 డాలర్లకే అయినట్టు. ఎడిసన్‌లోనూ ఫ్రీమాంట్‌లోనూ వింటున్నవాళ్లకు మాత్రం ఒక మాట. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు హెచ్‌ఎస్‌ఏ మినహాయింపును గుర్తించవు. అక్కడ రాష్ట్ర పన్ను కట్టక తప్పదు. ఫెడరల్ లాభం మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నా దొరుకుతుంది.

ఇక అసలు ప్రశ్న, దేనికి ఖర్చు పెట్టవచ్చు. చట్టం చెప్పే కొలత ఇది: రోగాన్ని కనిపెట్టడానికి, నయం చేయడానికి, తగ్గించడానికి, రాకుండా చూడడానికి, లేదా శరీరంలో ఒక అవయవం పనితీరును సరిచేయడానికి అయిన ఖర్చు. ఒంటికి మంచిదని చేసే సాధారణ ఖర్చు ఈ కొలతలోకి రాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే నూటికి తొంభై సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

డాక్టరు ఫీజు, కోపే, డిడక్టబుల్ కింద మీ వాటా, ల్యాబ్ పరీక్షలు, ఎక్స్‌రే, ఆపరేషను, అంబులెన్సు, డాక్టరు రాసిన మందులు, ఇవన్నీ చెల్లుతాయి. పళ్ల వైద్యం, పిల్లల బ్రేసులు, కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు, లేసిక్ ఆపరేషను, వినికిడి యంత్రం కూడా చెల్లుతాయి. పంటి బీమా, కంటి బీమా విడిగా లేకపోయినా ఫరవాలేదు. ఆక్యుపంక్చర్, కైరోప్రాక్టర్ ఫీజులూ ఇందులోకే వస్తాయి. షుగరు మన ఇళ్లలో ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. గ్లూకోమీటరు, టెస్ట్ స్ట్రిప్పులు, ఇన్సులిన్, చేతికి అంటించుకునే సెన్సారు, బీపీ మిషను, అన్నీ ఈ సొమ్ముతో కొనుక్కోవచ్చు.

2020 మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం ఒక పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందు చీటీ లేకుండా కొన్న మందులకు ఈ సొమ్ము పనికొచ్చేది కాదు. ఇప్పుడు జ్వరానికి టైలెనాల్, అలర్జీ మాత్రలు, గ్యాసు మందు, దగ్గు సిరప్పు లాంటివి చీటీ లేకుండానే చెల్లుతాయి. శానిటరీ ప్యాడ్లు, టాంపన్లు, మెన్‌స్ట్రువల్ కప్పులు కూడా అప్పుడే జాబితాలో చేరాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లుంటే ఏడాదికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. చాలామంది ఈ మార్పు గమనించక, ఇప్పటికీ పన్ను కట్టిన డబ్బుతోనే కొంటున్నారు.

పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్న దంపతులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఐవీఎఫ్ ఖర్చు, అండాలనూ వీర్యాన్నీ తాత్కాలికంగా భద్రపరిచే ఖర్చు చెల్లుతాయి. సరోగసీకి మరొకరికి ఇచ్చే సొమ్ము చెల్లదు. కాన్పు ఖర్చు, పాలు తీసే పంపు చెల్లుతాయి. గర్భిణీ దుస్తులు, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డను చూసుకునే ఆయా జీతం, డైపర్లు చెల్లవు. కాన్పుకు సాయంగా ఊరి నుంచి వచ్చే అమ్మకో అత్తగారికో కొన్న విమానం టికెట్టూ చెల్లదు.

మనసుకు సంబంధించిన వైద్యం గురించి ఇంకాస్త చెప్పాలనుంది. కుంగుబాటు, ఆందోళన, నిద్రపట్టకపోవడం వంటి బాధలను మన వాళ్లు చాలామంది నలుగురికీ తెలుస్తుందని దాచుకుంటారు. డాక్టరు గుర్తించిన మానసిక రుగ్మతకు సైకియాట్రిస్టు దగ్గరా, సైకాలజిస్టు దగ్గరా చేయించుకునే చికిత్స అంతా హెచ్‌ఎస్‌ఏ నుంచి చెల్లించవచ్చు. భార్యాభర్తల మధ్య సర్దుబాటు కోసం చేసే కౌన్సెలింగ్ మాత్రం వైద్యఖర్చు కాదని ఐఆర్ఎస్ చెప్పింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఇంకో దారిని శాశ్వతం చేసింది. ఫోనులోనో వీడియోలోనో డాక్టరును చూసే టెలిహెల్త్ సేవకు డిడక్టబుల్ తీరకముందే ప్లాను డబ్బు కట్టినా, మీ హెచ్‌ఎస్‌ఏ అర్హత పోదు. తెలుగు వచ్చిన వైద్యులు మీ ఊళ్లో లేకపోతే, మీ రాష్ట్రంలో లైసెన్సున్న వాళ్లు ఇంకో ఊళ్లో ఉన్నారేమో వెతకండి.

ఇప్పుడు అటూ ఇటూ తేలని ఖర్చులు. జిమ్ము సభ్యత్వం, విటమిన్ మాత్రలు, ప్రోటీన్ పొడి, అశ్వగంధ, యోగా క్లాసు, ఇవి మామూలుగా చెల్లవు. పళ్లు తెల్లబరచడం, జుట్టు మార్పిడి, అందం కోసం చేయించుకునే సర్జరీ, టూత్‌పేస్టు కూడా చెల్లవు. అయితే డాక్టరు ఒక జబ్బును గుర్తించి, దాని చికిత్సగా ఫలానాది వాడమని చెప్తే కొన్నిటికి దారి ఉంటుంది. స్థూలకాయమో గుండె జబ్బో ఉందని డాక్టరు చెప్తే, బరువు తగ్గించే కార్యక్రమం ఫీజు చెల్లుతుంది. ఆ డైట్లో తినే మామూలు తిండి ఖర్చు చెల్లదు. రక్తంలో లోపం ఉందని పరీక్షలో తేలి దానికి ఫలానా సప్లిమెంటు వాడమని డాక్టరు చెప్తే అది వేరే సంగతి. ఆ చీటీ, ఆ పరీక్ష కాగితం మీ దగ్గర ఉండాలి.

ఈ సందును కొన్ని కంపెనీలు వ్యాపారంగా మార్చుకున్నాయి. ఆన్‌లైన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే చాలు, డాక్టరు ఉత్తరం పంపుతాం, మీ తిండి, వ్యాయామం అంతా హెచ్‌ఎస్‌ఏ కిందికి తెచ్చుకోండి అని ప్రకటనలిస్తున్నాయి. 2024 మార్చిలో ఐఆర్ఎస్ దీనిమీద బహిరంగంగా హెచ్చరిక చేసింది. మీరు స్వయంగా రాసిచ్చిన ఆరోగ్య వివరాల మీద ఆధారపడి ఇచ్చిన ఉత్తరంతో మామూలు తిండి వైద్యఖర్చు అయిపోదని స్పష్టంగా చెప్పింది. అలాంటి ప్రకటనల జోలికి పోకండి. రేపు ఐఆర్ఎస్ అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. డెబిట్ కార్డు సంగతీ అంతే. దుకాణంలో కార్డు పనిచేసినంత మాత్రాన ఖర్చు చెల్లినట్టు కాదు. ఖాతా నడిపే బ్యాంకుకు మీ ఖర్చును తనిఖీ చేసే బాధ్యత లేదు.

ఎవరి వైద్యానికి అనే ప్రశ్న దగ్గరే మన కుటుంబాలు ఎక్కువగా తడబడతాయి. ఖాతాదారుకు, భార్యకు లేదా భర్తకు, పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడినవాళ్లకు ఈ సొమ్ము వాడవచ్చు. వాళ్లు మీ బీమా ప్లానులో లేకపోయినా ఫరవాలేదు. భార్యకు తన కంపెనీ బీమా వేరే ఉన్నా, ఆమె పంటి బిల్లు మీ హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టవచ్చు.

పెద్దపిల్లల విషయంలో రెండు చట్టాలు రెండు రకాలుగా చెప్తాయి. 26 ఏళ్ల దాకా వాళ్లు మీ బీమాలో ఉండవచ్చు. కానీ ఉద్యోగంలో చేరి తన ఖర్చు తాను పెట్టుకుంటున్న 25 ఏళ్ల అమ్మాయి పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడిన మనిషి కాదు. బీమా మీదే అయినా, ఆమె డాక్టరు బిల్లు మీ హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టకూడదు. దీనికి మంచి మార్గం ఉంది. ఆమె మీ కుటుంబ హై డిడక్టబుల్ ప్లానులో ఉండి, వేరే బీమా ఏదీ లేకపోతే, తన పేరు మీదే హెచ్‌ఎస్‌ఏ తెరుచుకుని, అందులో కుటుంబ పరిమితి మొత్తం, అంటే 2026లో 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు. మీ పరిమితికీ దీనికీ సంబంధం లేదు. ఆ ఖాతాలో తల్లిదండ్రులుగా మీరు కూడా డబ్బు వేయవచ్చు, మినహాయింపు ఆమెకు వస్తుంది. మొదటి ఉద్యోగంలో చేరిన బిడ్డకు ఇంతకంటే మంచి కానుక నాకు తోచదు.

అమ్మానాన్నల సంగతి. ఇండియాలో ఉండే తల్లిదండ్రుల వైద్యానికి సాధారణంగా ఈ సొమ్ము పనికిరాదు. పన్ను లెక్కల్లో ఆధారపడినవాళ్లు కావాలంటే వాళ్లు అమెరికా పౌరులో, ఇక్కడి రెసిడెంట్లో, కెనడా, మెక్సికోల నివాసులో అయి ఉండాలి. సందర్శకుల వీసా మీద వచ్చి కొన్ని నెలలుండి వెళ్లే పెద్దవాళ్లు సాధారణంగా ఆ కొలతకు రారు. వాళ్లకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సు ప్రీమియం కూడా చెల్లదు. గ్రీన్‌కార్డు మీద ఇక్కడే స్థిరపడి, వాళ్ల పోషణలో సగానికి పైగా మీరే భరిస్తుంటే మాత్రం వాళ్ల వైద్యఖర్చు చెల్లుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సడలింపు ఒకటుంది. పన్ను రిటర్నులో ఆధారితులుగా చూపించడానికి వాళ్ల ఆదాయం మీద ఒక పరిమితి ఉంది కదా, హెచ్‌ఎస్‌ఏ ఖర్చుకు ఆ పరిమితి వర్తించదు. నాన్నగారికి పెన్షను ఎక్కువగా వచ్చి రిటర్నులో చూపించలేకపోయినా, మిగతా షరతులు కుదిరితే, ఆయన వినికిడి యంత్రం మీ హెచ్‌ఎస్‌ఏతో కొనవచ్చు. పెద్దవాళ్ల కోసం బాత్రూములో పట్టుకునే కడ్డీలు, గుమ్మం దగ్గర వీల్‌చైర్ ర్యాంపు పెట్టించే ఖర్చు కూడా చెల్లుతుంది. ఇంటి విలువ పెంచే మార్పులైతే, పెరిగిన విలువ మేరకు తీసేసి మిగిలిందే లెక్కలోకి వస్తుంది.

సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు చేయించుకునే వైద్యం గురించి తరచూ అడుగుతారు. హైదరాబాదులోనో విజయవాడలోనో పంటికి ఇంప్లాంటు వేయించుకున్నా, లేసిక్ చేయించుకున్నా అది చెల్లుతుంది. వైద్యం అమెరికాలోనే జరగాలనే నియమం లేదు. అక్కడ డాక్టరు రాసిన మందు కొని అక్కడే వాడితే, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైన మందు అయితే చెల్లుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆరు నెలలకు సరిపడా కొని సూట్‌కేసులో తెచ్చుకుంటే ఆ ఖర్చు చెల్లదు. బంధువులను చూడడానికి వెళ్లిన ప్రయాణంలో వైద్యం కూడా చేయించుకుంటే విమానం టికెట్టు వైద్యఖర్చు కాదు. ఆసుపత్రి దగ్గర రోగి పేరు, తేదీ, చేసిన చికిత్స, కట్టిన రూపాయలు స్పష్టంగా ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. కట్టిన రోజు డాలరు రేటు దానిమీదే రాసి పెట్టుకోండి. అక్కడ అమెరికా కార్డు గీకాల్సిన పనిలేదు. చేతి నుంచి కట్టి, తర్వాత హెచ్‌ఎస్‌ఏ నుంచి మీ బ్యాంకు ఖాతాలోకి తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇక్కడి వైద్య ప్రయాణానికీ చోటుంది. డాక్టరు దగ్గరికి సొంత కారులో వెళ్తే మైలుకు ఇంత అని లెక్కకట్టవచ్చు, 2025లో అది 21 సెంట్లు ఉండేది. పార్కింగు, టోలు దానికి అదనం.

బీమా ప్రీమియం విషయంలో నియమం గట్టిది. మామూలుగా ప్రీమియానికి ఈ సొమ్ము వాడకూడదు. ఉద్యోగం పోయి కోబ్రా కింద బీమా కొనసాగిస్తున్నప్పుడు, నిరుద్యోగ భృతి తీసుకుంటున్న రోజుల్లో ఆరోగ్య బీమాకు, వయసును బట్టి ఉండే పరిమితికి లోబడి లాంగ్ టర్మ్ కేర్ బీమాకు, 65 దాటాక మెడికేర్‌కు వాడవచ్చు. మెడికేర్‌కు తోడుగా కొనే మెడిగ్యాప్ బీమాకు వాడకూడదు. లేఆఫులు చూసిన మన వాళ్లకు కోబ్రా ప్రీమియం ఎంత బరువో తెలుసు. ఆ నెలల్లో ఈ ఖాతా నిజంగా ఆదుకుంటుంది.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. ఖాతా ఏర్పడిన తర్వాత చేయించుకున్న వైద్యానికే ఈ సొమ్ము. జనవరిలో ప్లాను మొదలై, మార్చిలో ఖాతా తెరిస్తే, ఫిబ్రవరిలో చేయించుకున్న స్కానింగు చెల్లదు. అందుకే ప్లాను మొదలైన వెంటనే ఖాతా తెరిచి, కొద్దిపాటి సొమ్మైనా వేయండి.

ఖర్చు తిరిగి తీసుకోవడానికి మాత్రం గడువు లేదు. ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్ (ఎఫ్‌ఎస్‌ఏ) లాగా ఏడాది చివరికి మురిగిపోయే సొమ్ము కాదిది. ఉద్యోగం మారినా, ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా ఖాతా మీదే. ఇవాళ చేతి నుంచి కట్టి, రసీదు దాచి, పదేళ్ల తర్వాత ఆ మొత్తం పన్ను లేకుండా తీసుకోవచ్చు. దీన్ని పట్టుకునే చాలామంది ఖాతాను పూర్తిగా పెట్టుబడిగా మార్చేశారు. చేతిలో వేరే డబ్బుండి, వైద్యం ఆలస్యం కానివాళ్లకు ఇది మంచి పద్ధతే. కానీ ఖాతాలో అంకె తగ్గకూడదని పంటి వైద్యాన్ని, మోకాలి ఫిజియోథెరపీని, పిల్లాడి కళ్లజోడును వాయిదా వేయడాన్ని నేను ఒప్పుకోను. మొదటి కొన్ని వేల డాలర్ల వైద్యం మన జేబులోంచి జరగాలని ప్లాను చెప్పినందుకే ఈ ఖాతా పుట్టింది. ఆ వైద్యం జరగకపోతే ఖాతా తన పని చేయనట్టే.

తప్పుగా ఖర్చయితే ఏమవుతుందో కూడా చెప్తాను. వైద్యం కాని దానికి తీసిన సొమ్ము ఆదాయంలో కలుస్తుంది, దానిపై 20 శాతం జరిమానా ఉంటుంది. 22 శాతం శ్లాబులో వెయ్యి డాలర్లకు 420 డాలర్లు పోయినట్టే. 65 దాటినవాళ్లకు జరిమానా ఉండదు, పన్ను మాత్రం ఉంటుంది. నిజంగా పొరబాటుగా తీసినదైతే, పొరబాటు తెలిసిన ఏడాది తర్వాత వచ్చే ఏప్రిల్ 15 లోగా తిరిగి జమ చేయవచ్చు. అందుకు మీ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. ఖాతాలోంచి సొమ్ము తీసిన ప్రతి ఏడాదీ రిటర్నుతో ఫారం 8889 జతచేయాలి. రసీదులు పంపనక్కర్లేదు, దాచాలి. థర్మల్ కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయి, కొన్న రోజే ఫోటో తీసి భద్రపరచండి.

65కి దగ్గరపడుతూ ఉద్యోగంలోనే ఉన్న పెద్దలకు ఒక మాట. మెడికేర్‌లో చేరాక హెచ్‌ఎస్‌ఏలో కొత్తగా డబ్బు వేయకూడదు. 65 దాటి కొంతకాలం తర్వాత చేరితే పార్ట్ ఏ ఆరు నెలల దాకా వెనక్కి వెళ్లి మొదలవుతుంది కాబట్టి, అంతకు ముందే జమ ఆపేయాలి. ఉన్న సొమ్ము వాడుకోవడానికి అడ్డు లేదు.

ఈ ప్రసంగం అయ్యాక రెండు పనులు చేయండి. మొదటిది, మీ హెచ్‌ఎస్‌ఏ వెబ్‌సైటులోకి వెళ్లి బెనిఫిషియరీగా ఎవరి పేరుందో చూడండి. భార్య లేదా భర్త పేరుంటే మీ తర్వాత ఆ ఖాతా వాళ్ల సొంత హెచ్‌ఎస్‌ఏగా కొనసాగుతుంది. వేరెవరి పేరైనా ఉంటే అది హెచ్‌ఎస్‌ఏగా ముగిసిపోయి, ఆ సొమ్ము వాళ్ల ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. చాలా ఖాతాల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. రెండోది, ఇంట్లో ఎవరైనా డబ్బుకు వెనకాడి వాయిదా వేసుకుంటున్న వైద్యం ఏదైనా ఉందా అని అందరినీ కూర్చోబెట్టి అడగండి. ఉంటే, ఖాతాలో సొమ్ముంటే, ఈ వారమే అపాయింట్‌మెంటు తీసుకోండి.